విరగాల్సిన బ్లేడ్

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మధ్య లోహ శాస్త్రవేత్త లక్ష్మీకాంత్ శవం దొరికింది. గుండెపోటని పత్రికల్లో వచ్చింది. మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క సంగతి పోస్ట్‌మార్టం చేసిన డాక్టరుకీ, గూఢచారి విభాగం చీఫ్‌కీ మాత్రమే తెలుసు. ఆ సాయంత్రం ఏజెంట్ మీరావలికి తెలిసింది.

"టైటానియం అల్యూమినైడ్," అన్నాడు చీఫ్ లాడ్జి గది తలుపు గడియ వేస్తూ. "టైటానియం, అల్యూమినియం ఊరికే కలిసిపోవు, వరుస తప్పకుండా పేర్చినట్టు కూర్చుంటాయి. ఇప్పుడు జెట్ ఇంజన్లలో వాడే లోహంలో సగం బరువు. ఏడొందల డిగ్రీల వేడికీ చలించదు. పదేళ్లు లక్ష్మీకాంత్ వాళ్లు ల్యాబ్‌లో గ్రాముల్లో చేశారు. ఇప్పుడు చీరాల దగ్గర ఫౌండ్రీలో కిలోల్లో పోత పోసి బ్లేడ్లు తీశారు. రేపు పదకొండింటికి ఇంజన్లో తిప్పుతారు."

"ఎవరికి కంటగింపు సార్?"

"ఇన్నాళ్లూ మనకు బ్లేడ్లు అమ్మిన విదేశీ ముఠాకి. చచ్చేముందు లక్ష్మీకాంత్ ఫోన్ చేశాడు. 'గ్యాస్ సిలిండర్లు మార్చేశారు సార్' అన్నాడు. లైన్ కట్టయింది. ఆ ఒక్క మాట మీద టెస్ట్ ఆపమంటే పైవాళ్లు వినరు. రుజువు కావాలి. వేటపాలెంలో మన మనిషి షాహిస్తా ఆ ముఠాలోనే ఉంది. కలువు."

మర్నాడు పదిన్నరకు మీరావలి జీడిపప్పు వ్యాపారిలా వేటపాలెంలో దిగాడు. జీడి తొక్కలు కాలిన ఘాటు గొంతులో పట్టుకుంది. ఎండలో ఒక్క ఆకూ కదలడం లేదు. షెడ్డు ముందు నల్ల కళ్లద్దాలు, మావిడాకు రంగు పట్టుచీరతో ఒక అందగత్తె నిలబడి ఉంది.

"గుండు పప్పు ఉందాండీ?"

"బద్దే మిగిలింది. నిన్న రావాల్సింది."

కోడ్ సరిపోయింది. షాహిస్తా గొంతు తగ్గించింది. "బ్లేడ్లకేం కాలేదండీ. ముఠాకి కావలసింది డ్రాయింగులు. పదకొండింటికి వాడరేవులో పడవెక్కిస్తారు. వెంటనే వెళ్లండి. పాపం లక్ష్మీకాంత్ గారు! మెడలో సూది గుచ్చి చంపేశారట కదా."

మీరావలి తలూపి జీపెక్కాడు. రోడ్డు మలుపు తిరిగాక బ్రేకేశాడు. సూది సంగతి ఈమెకెవరు చెప్పారు? చంపినవాళ్లు తప్ప చెప్పగలిగినవాళ్లెవరూ లేరు. అంటే తనను వాడరేవుకి తోలేస్తోంది. ప్రమాదం ఫౌండ్రీలోనే ఉంది.

చీఫ్‌కి రెండు ముక్కల్లో ఫోన్ చేసి జీపు చీరాల వైపు తిప్పాడు. ఫౌండ్రీ చేరేసరికి పది యాభై నాలుగు.

గేటు దగ్గర వాచ్‌మన్ మరియదాసు అడ్డం పడ్డాడు. "ఎవరయ్యా? ఆగమంటుంటే!" మీరావలి ఆగలేదు. లోపల ఇంజన్ చుట్టూ పదహారు మంది. స్విచ్ మీద చెయ్యేసి ఉంది లక్ష్మీకాంత్ సహోద్యోగి, మెటలర్జిస్ట్ తేజశ్రీ.

"ఆపండి మేడం!" ఐడీ కార్డు చూపించాడు. "ఈ పోతకి వాడిన గ్యాసేంటి?"

"ఆర్గాన్. కరిగిన లోహానికి గాలి తగలకుండా. తగిలితే ఆక్సిజన్ పీల్చుకుని పెళుసైపోతుంది." ఆమె చెయ్యి ఆగింది. "ఎక్స్‌రేలో పగుళ్లేం లేవండీ."

"సిలిండర్లు మార్చేశారని లక్ష్మీకాంత్ గారు చెప్పారు. ఆ తర్వాతే చంపేశారు."

పెళుసుదనం ఎక్స్‌రేకి కనిపించదని తేజశ్రీకి తెలుసు. అదే పోతలో తీసిన మరో బ్లేడ్ చేతిలోకి తీసుకుంది. పదేళ్ల కష్టం అది. ఒక్క క్షణం దాన్ని చీర కొంగుతో తుడిచింది. నడుమెత్తు నుంచి సిమెంట్ నేల మీదికి వదిలేసింది.

అప్పడంలా మూడు ముక్కలైంది.

నిమిషానికి పదివేల చుట్లు తిరిగే ఇంజన్లో ఆ ముక్కలు పదహారు మంది మీదికి ఎలా దూసుకొచ్చేవో అందరికీ తెలుసు.

"కొలిమి వేడెక్కించండి," అంది చివరికి తేజశ్రీ. "ఈసారి ప్రతి సిలిండర్నీ నేనే పరీక్షిస్తా."

అప్పటికే చీఫ్ మనుషులు షాహిస్తాని వేటపాలెం దాటకముందే పట్టుకున్నారు. చీఫ్ ఫోన్ చేశాడు.

"బ్లేడ్ ఏమైంది?"

"విరిగింది సార్."

"విరిగిందా? మరి అంత సంతోషమేమిటి?"

"విరగాల్సిన చోటే విరిగింది సార్."