అత్తయ్య పడుకున్న వైపు

ఆదివారం కావలసిన పనులు: ల్యాబ్‌కు వెళ్ళి ఫర్నేస్ చూసి రావాలి. అత్తయ్య మందులు పారేయాలి. ఆమె బీరువా ఖాళీ చేయాలి. పెద్ద మంచం తీయించి, మామయ్యకు ఒంటి మంచం వేయించాలి.

అత్తయ్య పోయి మూడు నెలలు. "ఆ గది అలాగే ఉంటే నాన్న బెంగపడతారు. ఒక్కరోజులో తేల్చేద్దాం," అన్నాడు భర్త. కోడలు సరేనంది. మామయ్య పొద్దున టీ గ్లాసు అందుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఎముక ముక్క ఊడిపోయినచోట అమర్చే పింగాణీ ముక్కలు అచ్చువేయడం కోడలి పని. పింగాణీ పొడిని పాలిమర్ జిగురులో కలిపి సిరా చేస్తే, యంత్రం దాన్ని సన్నటి దారాల్లా పొరమీద పొర పేరుస్తుంది. ఫర్నేస్‌లో జిగురు కాలిపోయి, అది ఉన్నచోట రంధ్రాలు మిగులుతాయి. ఆదివారం పనులకు అడ్డురాకూడదని ముందురోజు ఆమె వేడి త్వరగా పెరిగేలా పెట్టింది. ఇప్పుడు ల్యాబ్‌కు వెళ్ళి ఫర్నేస్ తలుపు తీస్తే ముక్క రెండుగా చీలి ఉంది.

ఆ చీలిన ముక్కతో ఇంటికి వచ్చేసరికి మామయ్య మంచానికి ఒక అంచున కూర్చుని ఉన్నాడు.

"చేతిలో ఏంటమ్మా, బిస్కెట్టా?"

"పాడైపోయిన ఎముక, మామయ్యా."

"మా కోడలు ఎముకలు వండుతుందని మీ అత్తయ్య వీధంతా చెప్పొచ్చింది. ఆ తర్వాత మనింటికి ఎవరైనా భోజనానికి వచ్చారా?"

ఆమె నవ్వింది. ఆయన సగం నవ్వి ఆగిపోయాడు. "ఎందుకు పగిలింది?"

"నేనే తొందరపడ్డాను. జిగురు మెల్లగా కాలాలి. ఒక్కసారే వేడి చేస్తే, బయటికి దారి దొరక్క ముక్కనే చీల్చేస్తుంది."

"అది పోయాక ఆ ఖాళీలో ఏం నింపుతారు?"

"ఏమీ నింపం. అలా వదిలేస్తేనే ఎముక అందులోకి పెరుగుతుంది."

చెప్పేసి, ఆమె తెరిచి ఉన్న బీరువా వైపు చూసింది.

"మామయ్యా, ఈ మంచం తీసేయడం మీకిష్టమేనా?"

"నా మంచికే కదమ్మా."

"అది కాదు నేనడిగింది."

ఆయన చాలాసేపు దుప్పటి సర్దాడు. "ఇన్నేళ్ళూ ఈ వైపే పడుకున్నాను. ఇప్పటికీ అటు జరగను. చెయ్యి చాపితే ఆమె వైపు చల్లగా తగులుతుంది. ఒంటి మంచమైతే గోడ తగులుతుంది."

ఇంతలో ఒంటి మంచం ఎక్కించిన బండితో భర్త వచ్చాడు. "వెనక్కి పంపించెయ్యండి," అంది ఆమె.

"సరేనన్నది నువ్వేగా?"

"అవును. తప్పు చేశాను."

అతను గుమ్మం దగ్గరే ఆగాడు. "నాన్నా, నాతో ఒక్క మాట అనొచ్చు కదా."

"నువ్వు గదిలోకి వస్తే అనేవాణ్ణిరా. అమ్మ పోయాక ఒక్కసారైనా గుమ్మం దాటావా?"

అతను మెల్లగా లోపలికి వచ్చి, తల్లి పడుకున్న వైపు నేలమీద కూర్చుని, మంచం పట్టె మీద తల ఆనించాడు. అతని భుజాలు కదిలిపోతున్నాయి. మామయ్య, ఎన్నడూ జరగని ఆ వైపుకు జరిగి, కొడుకు తలమీద చెయ్యి వేశాడు.

ఆ రోజు మందులు మాత్రమే పారేశారు. కోడలు బీరువా తలుపు చప్పుడు కాకుండా మూసింది.

మీ ఇంట్లోనూ ఎవరో మంచానికి ఒక అంచునే సర్దుకుని పడుకుంటూ ఉండవచ్చు. తొందరపెట్టకండి. ఈ రాత్రి దీపం ఆర్పేముందు, కోడలు ఎముకలు వండుతుందని వీధంతా చెప్పుకుని మురిసిన ఆ అత్తయ్యను ఒక్కసారి తలచుకోండి.