అట్ట మీద లేని పేరు

ఆ స్టూడియోలో పాడే గదికి మంచి పేరు లేదు. పొద్దు గూకాక పాటగాళ్లెవరూ అందులోకి ఒంటరిగా వెళ్లరు. అక్కడ ఇరవై ఏళ్లు సౌండ్ ఇంజినీరుగా చేసిన మా బాబాయి నాకు చెప్పిన సంగతి ఇది.

ముగ్గురు కుర్రాళ్లు, ఒక అమ్మాయి కలిసి రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. పాటలు రాసేదీ, పాడేదీ ఆ అమ్మాయే. తొలి ఆల్బమ్ సీడీ కోసం ఆ గదిలోనే రికార్డింగ్.

సగం పాటలు పాడేశాక, ఒకరోజు మైకు ముట్టుకోగానే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"షాక్ కొడుతోంది."

బ్యాండుకి పెద్ద గిటారిస్టే. "నీదంతా నాటకం. పాడు," అని కసిరాడు.

బాబాయి కరెంటు ఆపడానికి లేచేలోపే... ఆమె కుప్పకూలింది. మళ్లీ లేవలేదు.

మూడు నెలలు తిరక్కుండానే ఆ పాటలన్నీ గిటారిస్టు తన గొంతుతో పాడేశాడు. సీడీ అట్ట మీద ఆమె పేరే లేదు. రచన — అతనే. గానం — అతనే.

బాబాయికి కడుపు మండిపోయింది.

విడుదలకి ముందురోజు, చీకటి పడే వేళ, గిటారిస్టు తొలి డిస్కు వినడానికి వచ్చాడు. ఆ గదిలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. గాజు అద్దానికి ఇవతల నుంచి బాబాయి మీట నొక్కాడు.

మొదటి పాట మొదలైంది... అతని ముఖం పాలిపోయింది.

"అన్నా... ఇది నా గొంతు కాదు. ఇది — ఆమెది!"

బాబాయి మైకులో నింపాదిగా చెప్పాడు. "దెయ్యమూ కాదు, భూతమూ కాదురా. ఆమె పాడినవి చెరిపెయ్యమన్నావు. నేను చెరపలేదు. డిస్కు మార్చి పెట్టాను. ఒక్కసారైనా నువ్వు విని తీరాలి."

అతను కదల్లేదు. కళ్లు మాత్రం నీళ్లతో నిండి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఏడవనీ వెధవని, అనుకున్నాడు బాబాయి. పాట పూర్తిగా వినిపించి, అప్పుడు ఆపాడు.

"ఆమె పేరు వేయిస్తాను," అన్నాడు గిటారిస్టు గుసగుసగా. "ఒట్టు. అన్ని పాటలకీ వేయిస్తాను. నీకు దణ్ణం పెడతానన్నా..."

"సరే. ఇక బయటికి రా."

"ఎలా రాను?... ముందు నా మెడ మీంచి చెయ్యి తియ్యమను."

బాబాయి అద్దంలోంచి చూశాడు. లోపల అతనొక్కడే. మెడ మీద మాత్రం నాలుగు చోట్ల చర్మం నొక్కుకుపోయి ఉందట — ఒక్కో వేలూ ఇంకా బిగుస్తూ...