పేరమ్మ మెడలోని డచ్చి రాణి

కొల్లేట్లో ఆ దిబ్బ పక్కనుంచి పొద్దు గూకాక ఎవరూ దోనె వెయ్యరు. చీకట్లోంచి ఎవరో ఆడమనిషి ‘భోంచేశావా’ అని అడుగుతుందంటారు.

నిరుడు అక్కడ గట్టుకి మట్టి తీస్తుంటే వెండి నాణెం దొరికింది. దాని మీద డచ్చి రాణి బొమ్మ, అంచున ఒక కొక్కెం. విజయవాడ నుంచి లెక్చరరు జాన్సన్ వచ్చి చూసి, డచ్చి వర్తకుల పడవలు ఇంతదాకా వచ్చాయని తేల్చాడు. నేనూ ఒకప్పుడు బందరులో బీఏ హిస్టరీ వెలగబెట్టినవాణ్ణే. మా మేష్టారైతే, ముందు నాణేనికి ఆ కొక్కెం ఎందుకుందని అడిగేవారు. ఆయన పొడుం డబ్బా గురించి చెప్పాలంటే... సరే, అది వేరే సంగతి.

కొక్కెం సంగతి నాకు చెప్పింది పేరమ్మ. హనుమాన్ జంక్షన్‌లో చేపలమ్మేది.

పేరమ్మ కాశీరావుకి రెండో పెళ్ళాం. మొదటావిడ పేరు తిరుమల, కాన్పులో పోయింది. పోయిన సవతి పగబట్టకుండా, ఆమె పేరున ఒక బొమ్మని రెండో ఆమె మెడలో కట్టుకోవాలి. సవతమ్మ అంటారు దాన్ని. కాశీరావు కొత్తగా ఏదీ చేయించలేదు. వాళ్ళ తాత ఓడలో పనిచేసి జావా నుంచి తెచ్చిన నాణెం మీద ఆడ ముఖం ఉందిగా... దానికే కొక్కెం వేయించి కట్టాడు.

అప్పట్నుంచి అతను మాట్లాడేది పేరమ్మతో, చూసేది నాణేన్ని.

ఒకనాడు అన్నం తింటూ, నాణెం వైపు చూసి, తిరుమలైతే పులుసులో ఇంకాస్త చింతపండు వేసేదన్నాడు.

“అయితే ఆవిడనే వడ్డించమను మావా,” అంది పేరమ్మ.

మర్నాడు చేపలమ్ముకుని వస్తూ, దిబ్బ పక్కన దోనె ఆపి, తాడు తెంపి, నాణేన్ని తుప్పల్లోకి విసిరేసింది.

నాణెం ఎక్కడ పారేసిందో చెప్పినా కాశీరావు తిట్టలేదు. కొట్టలేదు. రోజూ సాయంత్రం రేవులో కూచుని, దిబ్బ వైపు చూడ్డం మొదలెట్టాడు. మెడలో ఉన్నన్నాళ్ళూ కనీసం ఇటు తిరిగేవాడు... ఇప్పుడు అదీ లేదు.

ఎనిమిదో రోజు పేరమ్మ ఉండబట్టలేకపోయింది. నాణేన్ని వెతికి మళ్ళీ కట్టుకుందామని, చీకటి పడ్డాక ఒక్కతే దోనె వేసుకుని వెళ్ళింది.

దిబ్బ మీద... ఎవరో ఒకామె అటు తిరిగి కూచుని ఉంది. మెడ వెనక, పేరమ్మ తెంపిన తాడే ముడేసి ఉంది.

“అది నాది,” అంది పేరమ్మ.

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. ముఖం ఉండాల్సినచోట వట్టి చీకటి. మెడలో మాత్రం నాణెం మెరుస్తోంది. దాని మీద రాణి లేదు —

పేరమ్మ ముఖం ఉంది.

ఆ చీకట్లోంచి గుసగుసగా మాట వచ్చింది.

“ఇప్పుడు నేను కట్టుకున్నాను చెల్లీ... నిన్ను.”