హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిన బామ్మగారు

సంగీత కళాశాల అడ్మిషన్ల గదిలో సెలవులన్నీ ఫోన్లెత్తే పని ఆ అమ్మాయిది. తనూ అక్కడే రెండో ఏడు చదువుతోంది. సోమవారం పొద్దున్నే ఒక బండగొంతు పలికింది.

“మావాడు సినిమాలకి మ్యూజిక్ చేస్తానంటున్నాడమ్మా. నేను వాళ్ళ నాన్నని. మీ డిగ్రీలో వాడు కట్టిన ట్యూన్ మనుషులు వాయిస్తారా, కంప్యూటరే వాయిస్తుందా?”

“ఎక్కువగా కంప్యూటరేనండీ.”

మధ్యాహ్నం ఆ కుర్రాడి మావయ్య సిలబస్ అడిగాడు. మర్నాడు బాబాయి అరగంట హాస్టల్ గురించి వాయించాడు. బుధవారం ఏకంగా బామ్మగారే దగ్గుతూ లైన్లోకొచ్చారు.

“మా మనవడికి పియానో రాదు తల్లీ. గిటారొక్కటే. సీటిస్తారా?”

ఇంతమందీ మాట్లాడుతూ బల్ల మీద ఒకే దరువు వేస్తున్న సంగతి అమ్మాయి చెవిన పడకపోలేదు.

“ఇస్తాం బామ్మగారూ. ముందు ఆ దరువు ఆపండి. మీవాళ్ళంతా అచ్చు ఇలాగే వేశారు.”

దగ్గు ఠక్కున ఆగింది.

“అన్నీ నేనే అడిగితే విసుక్కుంటారేమోనని...” అంది ఒక కుర్రగొంతు.

ఆమె పకపకా నవ్వేసింది. ఆ రోజు నుంచి కుర్రాడు సొంత గొంతుతోనే ఫోన్ చేశాడు. ప్రశ్నలు తగ్గాయి, కబుర్లు పెరిగాయి. ఏడుపు సీనుకని కట్టిన ట్యూన్ విని ఆమె కిసుక్కుమంటే, “అయితే కామెడీకి పెట్టేస్తా,” అనేవాడు.

తర్వాతి వారం, “మీ కాలేజీకే అప్లై చేస్తున్నా. మీరున్నారుగా!” అన్నాడు.

ఆమె గుండె ఒక్క గంతేసింది. నోరు మాత్రం నిజమే చెప్పింది.

“వద్దు. ఊరవతల కాలేజీలో చేరండి. అక్కడ మొదటి ఏడు నుంచే సినిమా సీన్లకి సంగీతం రాయిస్తారు, రాసింది ఆర్కెస్ట్రా వాయిస్తుంది. ఇక్కడ ఆ భాగ్యం ఆఖరి ఏడు ఒక్కసారే.”

“నన్ను రావద్దంటున్నారన్నమాట,” అని ఫోన్ పెట్టేశాడు.

మూడు రోజులు ఫోన్ మోగినప్పుడల్లా ఆమె ఎగిరి అందుకుంది. అన్నీ వేరేవాళ్ళవే. నాలుగో రోజు ఒక ఆడగొంతు.

“రోజూ మీకు ఫోన్ చేసే గిటారబ్బాయి వాళ్ళమ్మనమ్మా.”

ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“ఈ గొంతు అస్సలు కుదర్లేదు బాబూ! బామ్మే నయం. మూడు రోజులు చంపుకు తిన్నావు కదా! నువ్వంటే ఇష్టం కాబట్టే అక్కడికి పొమ్మన్నాను, మొద్దూ!”



“నేను నిజంగానే వాళ్ళమ్మనమ్మా,” అంది ఆ గొంతు నింపాదిగా. “వీడు కంచం ముందు కూర్చుని నిట్టూరుస్తుంటే సంగతేంటో కనుక్కుందామని చేశా. స్పీకర్లో పెట్టా. వాడూ విన్నాడు.”

అమ్మాయి రిసీవర్‌తో సహా కుర్చీలోంచి జారి బల్ల కిందకి చేరింది.

“నీ మాటే కరెక్టు తల్లీ. ఆ కాలేజీ ఫారం ఇప్పుడే నింపిస్తా. ఆదివారం మా ఇంటికి రా. ఇదిగో, వాడికిస్తున్నా.”

ఆమె అలవాటుకొద్దీ, “ఇంకేమైనా సందేహాలున్నాయా అండీ?” అంది.

“ఉన్న ఒక్కటీ ఇప్పుడే తీరింది,” అన్నాడు కుర్రాడు. “ఆదివారం దాకా ఆగలేను. నాకూ మీరంటే చాలా ఇష్టం.”

“కొంచెం గట్టిగా చెప్పండి,” అంది ఆమె బల్ల కింద నుంచి. “లైన్ సరిగ్గా లేదు.”

లైన్ బ్రహ్మాండంగా ఉంది.