మెట్లు దిగే చప్పుడు

పొద్దున్నే మెట్ల మీద చప్పుడు వినబడితే చాలు, వంటింట్లో అమ్మ వెనక్కి తిరగకుండానే టీ కలిపేస్తుంది. పెద్దవాడిది ఆగి ఆగి దిగే అడుగు. కుడికాలు కిందికి వేసి, ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకుని, ఊపిరి తీసుకుని, అప్పుడు ఇంకో మెట్టు. చిన్నవాడైతే రెండేసి మెట్లు ఒక్క దూకులో దిగుతాడు, ఆ దడదడకి అల్మరాలో గ్లాసులు కదులుతాయి. పెద్దవాడికి చక్కెర లేని టీ, చిన్నవాడికి రెండు చెంచాలు. చూపు మసకబారినా ఆవిడ చెవులు ఎప్పుడూ పొరబడలేదు.

ఆ గురువారం పొరబడ్డాయి.

"పెద్దోడా, నీ టీ ఇక్కడ పెట్టాను" అని గ్లాసు బల్ల మీద పెట్టింది. తీసి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది చిన్నవాడు. చక్కెర మానేసే వయసు నాకింకా రాలేదమ్మా అన్నాడు. కోడలు నవ్వబోయి ఆగింది. ఇంక చెవులకి కూడా కళ్లజోడు కొనాలి కాబోలు అని అమ్మ తన మీద తనే జోకేసుకుంది. అమ్మ పెరట్లో ఉండగానే దిగివచ్చి, ఓ మూల కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న పెద్దవాడు మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

పెద్దవాడు ఫుట్‌బాల్ క్లబ్బుకి మేనేజర్. మేనేజరంటే ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టే ఉద్యోగం అనుకునేరు. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో తేల్చి, గెలిస్తే కుర్రాళ్లు బాగా ఆడారనీ, ఓడితే వీడికి చేతకాలేదనీ అనిపించుకునే ఉద్యోగం. అంతకుముందు అదే క్లబ్బులో ఆటగాడు. తండ్రి పోయాక ఇల్లంతా ఆ కాళ్ల మీదే నడిచింది. ముప్పై నిండకముందే ఒక ఫైనల్ రోజున మోకాలు వాచింది. అప్పటి మేనేజర్ మాట కాదనలేక, నొప్పి తెలియకుండా సూదిమందు వేయించుకుని ఆడాడు. కప్పు గెలిచారు. ఆ మర్నాటి నుంచే మెట్లు ఇలా దిగుతున్నాడు, ఆపరేషన్ చేయించుకున్నా మోకాలు దారికి రాలేదు.

తమ్ముడికి ఆట నేర్పింది అతనే. ఇప్పుడు జట్టుకి గోల్స్ కొట్టిపెట్టేది ఆ తమ్ముడే. అన్న చాటు తమ్ముడని ఎవరూ అనకూడదని ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. జట్టు సంగతి గుమ్మం బయటే ఆగిపోవాలి. తనకి ఆటలో చోటుందో లేదో చిన్నవాడికి కూడా అందరితోపాటు మైదానంలోనే తెలియాలి. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని దాటలేదు. ఆ పొద్దున పెద్దవాడే దాటాడు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

"ఏంటి?"

"మోకాలు."

చిన్నవాడు ముందు బుకాయించాడు. నిద్రమత్తన్నాడు, కాలు తిమ్మిరెక్కిందన్నాడు. కానీ వదిన తల దించుకునేసరికి అన్నీ తేలిపోయాయి. నెలరోజులుగా అందరూ పడుకున్నాక ఆవిడే వేణ్ణీళ్ల కాపడం పెడుతోంది. ఎవరికీ చెప్పొద్దని మరిది చేతిలో చెయ్యి వేయించుకున్నాడట. ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టి మెట్లు దూకాడు, ఇవాళ దూకలేకపోయాడు. డాక్టరు దగ్గరికి పదమన్నాడు అన్న.

"శనివారం ఆటకి పెద్ద క్లబ్బు వాళ్లు నన్ను చూడటానికే వస్తున్నారన్నా. డాక్టరు చూస్తే సాయంత్రానికల్లా వాళ్లకి తెలిసిపోతుంది. ఇరవయ్యెనిమిదేళ్లొచ్చాయి నాకు, ఇంకోసారి ఎవరొస్తారు? ఈ ఒక్క ఆట ఆడనివ్వు."

"నేనూ ఆ రోజు ఈ ఒక్క ఆటే అనుకున్నానురా."

అమ్మకి మోకాలి సంగతి సగమే అర్థమైంది. చిన్నవాడి బతుకు బాగుపడే దారికి పెద్దవాడు అడ్డం నిలబడ్డాడన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది.

"నీకు దక్కనిది వాడికి దక్కుతుంటే ఓర్వలేకపోతున్నావా?" అంది.

నోరు జారిందో, మనసులో ఉన్నదే వచ్చిందో ఆవిడకే తెలియాలి. పెద్దవాడు లేసు ముడి విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. శనివారం ఓడితే ఆదివారం నుంచి రానక్కర్లేదని క్లబ్బు యజమాని పెద్దవాడి మొహం మీదే చెప్పేశాడు. తమ్ముడు లేకుండా గెలవడం కల్ల. ఆడిస్తే వాడి కాలు పోతుంది, ఆపితే తన ఉద్యోగం పోతుంది, తమ్ముడూ దూరమవుతాడు. ఆ రెండు రోజులూ ఎవరైనా వచ్చి ఆ నిర్ణయం తన చేతుల్లోంచి లాగేసుకుంటే బాగుండుననుకున్నాడు పాపం. ఎవరొస్తారు?

శనివారం బట్టలు మార్చుకునే గదిలో పదకొండు మంది పేర్లు చదివాడు. తమ్ముడి పేరు లేదు. చిన్నవాడు లేచి బూట్లు సంచిలో పడేసుకుని, కుంటు ఎవరికీ కనబడకుండా నిటారుగా నడిచి బయటికి వెళ్లిపోయాడు. పెద్ద క్లబ్బు వాళ్లు సగం ఆటలోనే లేచారు. జట్టు ఓడింది. మర్నాడు ఫోనులో రెండు ముక్కలతో పెద్దవాడి ఉద్యోగం ఊడింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. చిన్నవాడు మేడ మీది గది వదిలి రాలేదు, డాక్టరు పేరెత్తితే తలుపు వేసుకున్నాడు. వాడి భోజనం వదినే మోసుకెళ్లింది. అమ్మ పెద్దవాడికి అన్నం వడ్డించింది గానీ, పెద్దోడా అని పిలవడం మానేసింది. నువ్వు చేసింది సరైనదేనని భార్య ఒకసారి అనబోయింది. ఆ మాట నేనేం చేసుకోను అన్నాడు.

మంగళవారం పొద్దున వెళ్లడానికి చోటు లేక మంచం మీదే కూర్చుని ఉండగా మెట్ల దగ్గర దబ్బుమని చప్పుడైంది. పెద్దవాడు వెళ్లి చూశాడు. భుజాన తువ్వాలుతో చిన్నవాడు పై మెట్టు మీద కూలబడి ఉన్నాడు. బంతి లేదు, ఎవరూ అడ్డం రాలేదు. స్నానానికి బయలుదేరి కాలు కిందికి వేశాడంతే. వంగిన మోకాలు వంగినట్టే బిగుసుకుపోయింది.

"అన్నా, కాలు రావట్లేదు" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చూశావా అనడానికి పెద్దవాడికి నోరు రాలేదు. తను అనుకున్నదే నిజమైనందుకు తనకి ఒరిగిందేమీ లేదు. పక్కన కూర్చున్నాడు. నేను నిన్ను అపార్థం... అని చిన్నవాడు మొదలుపెట్టాడు.

"ఊరుకోరా. భుజం పట్టుకో" అన్నాడు అన్న.

వంటింట్లో అమ్మకి అడుగు వినబడింది. ఒక మెట్టు, ఆగడం, ఊపిరి. పెద్దవాడే అనుకుని చక్కెర లేని గ్లాసు అందుకుంది. దాని వెనకే అలాంటిదే ఇంకో అడుగు, ఇంకో ఊపిరి. గ్లాసు అక్కడే పెట్టేసి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఎవర్రా అది?"

"ఇద్దరమూ అమ్మా" అన్నాడు పెద్దవాడు.

గోడ తడుముకుంటూ వచ్చి చివరి మెట్టు దగ్గర కూలబడింది. ఆవిడ చేతికి ముందు చిన్నవాడి మోకాలు తగిలింది, వాచి కాలిపోతోంది. తర్వాత పెద్దవాడిది, పాత కుట్ల గీత మీద వేళ్లు ఆగిపోయాయి. చాలాసేపు అక్కణ్ణుంచి చెయ్యి తియ్యలేదు.

"ఇన్నేళ్లూ నీ అడుగు గుర్తుపట్టి టీ కలిపానే గానీ, అది నొప్పి అని ఒక్కనాడూ అనుకోలేదురా పెద్దోడా" అంది.

పర్లేదమ్మా, అలవాటైపోయింది అన్నాడు. ఆ మాట విని తమ్ముడు అన్న భుజంలో మొహం దాచుకున్నాడు. లోపల పొయ్యి మీద టీ పొంగిపోతుంటే కోడలే వెళ్లి కట్టేసింది.