ఊపిరి బిగబట్టే మలుపు

ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా నుంచి ఝపటాపూర్ వైపు వచ్చే దారిలో ఒక మలుపుంది. ఆ మలుపులో ఒక పాత క్వార్టరు. పనికిరాదని రైల్వే వాళ్ళు ఎప్పుడో వదిలేశారు. పెంకులు సగం జారిపోయాయి. అయినా చీకటి పడ్డాక లోపల ఎవరో గాలి పీలుస్తుంటారని ఊరంతా చెబుతుంది. కష్టంగా... ఆగి ఆగి... అదీ తన గాలి కాదట, దారిన పోయేవాళ్ళ గాలి.

అందుకని ఒక నియమం. మలుపు మొదట్లో కరెంటు స్తంభం దగ్గర ఊపిరి బిగబట్టాలి. కల్వర్టు దాటాకే వదలాలి. నడిచి వెళ్ళినా అంతే, టోటో అనే బ్యాటరీ రిక్షాలో వెళ్ళినా అంతే. మూఢనమ్మకాల మీద మైకు విరిగేలా మాట్లాడే యూనియన్ నాయకులు కూడా అక్కడ బుగ్గలు పూరించుకుని పోవడం నా కళ్ళతో చూశాను. అడిగితే, దుమ్ము అన్నారు.

సరే, ఊపిరి ఉన్నవాళ్ళు బిగబడతారు. బిగబట్టడానికి ఊపిరే చాలనివాళ్ళు ఆ దారిన ఎలా పోవాలి? ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు — నూకాలమ్మ కారులో అటు వచ్చేదాకా.

ఇది ఆమె కోడలు మీనాకుమారి నాకు చెప్పింది. చెప్పినంతసేపూ గొంతు పెంచలేదు.

నూకాలమ్మది మా క్వార్టర్ల లైనే. పెళ్ళయి విజయనగరం నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన నాటినుంచీ బొగ్గుల పొయ్యి ఊదిన మనిషి. పొయ్యి పోయి గ్యాసు వచ్చింది గానీ, ఆ పొగ మాత్రం ఆమె ఊపిరితిత్తుల్లోంచి ఖాళీ చెయ్యలేదు. ఇప్పుడామె వెంట భుజాన వేసుకునే సంచంత మిషనుంటుంది. అది చుట్టూ ఉన్న గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి, సన్నటి గొట్టంలోంచి ముక్కుకి అందిస్తుంది. ఆమె పీల్చినప్పుడల్లా ఫిస్ మంటుంది. బ్యాటరీ ఉన్నంతసేపే ఆ ఫిస్. ఆ ఫిస్ ఉన్నంతసేపే నూకాలమ్మ.

విశ్వకర్మ పూజనాడు రైల్వే వర్క్‌షాపు గేట్లు పనివాళ్ళ ఇంటివాళ్ళకి కూడా తెరుస్తారు కదా. చనిపోయిన భర్త — ఆయన పేరు దేముడు — పనిచేసిన ఇనుము చెక్కే లేతు మిషను చూడాలని ఆమె పట్టుబట్టింది. వానలు మొదలైనప్పటినుంచి గడప దాటని మనిషి. కొడుకు ఉమాశంకర్ అక్కడే ఎలక్ట్రికల్ షాపులో, అంటే కరెంటు పనుల విభాగంలో, పనిచేస్తాడు. సరేనన్నాడు. డిక్కీలో మడత వీల్‌చైరు, వాకరు. ముందు సీటులో అమ్మ, ఆమె కాళ్ళ దగ్గర మిషను. వెనక సీటులో మందులూ, మంచినీళ్ళూ, మీనాకుమారీ.

రెండో బ్యాటరీ మాత్రం లేదు. కారులో గుచ్చే చార్జరూ లేదు.

ఎందుకంటే పొద్దున్నే ఉమాశంకర్ తన టెస్టరు, స్పానర్లతో పాటు వాటినీ దేవుడి ముందు పెట్టి, పసుపు కుంకుమ అద్ది, బంతిపూలు వేశాడు. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజంతా ముట్టకూడదు. ఆక్సిజన్ బ్యాటరీ పనిముట్టు కిందికి వస్తుందా రాదా అన్న విషయం మీద ఆ ఇంట్లో చర్చ జరగలేదు. జరిగుంటే పిలవకపోయినా నేను వెళ్ళేదాన్ని.

వర్క్‌షాపులో ఆమె లేతుని తడిమింది. పాతవాళ్ళు చుట్టూ చేరి కబుర్లు పెట్టారు. బయటికొచ్చేసరికి చీకటి. మిషను మీద పచ్చలైటు పోయి పసుపు లైటు వచ్చింది.

"బేగి ఎల్లిపోదుం. అడ్డదారంట పోతే అయిపోద్ది," అన్నాడు ఉమాశంకర్.

అడ్డదారి అంటే — ఆ మలుపు.

స్తంభం కనబడగానే అద్దాలన్నీ ఎక్కించాడు.

"బిగబట్టండి," అన్నాడు గుసగుసగా.

మీనాకుమారి బిగబట్టింది. అతనూ బిగబట్టాడు. కారంతా నిశ్శబ్దం.

ఫిస్...

ఫిస్...

"అమా... ఆ సప్పుడు ఇనబడిపోద్ది," అన్నాడు బిగబట్టిన పళ్ళ మధ్యనుంచి.

"ఎవులికిరా?"

"దానికి."

"ఇననీ. దానికి నానేటి సేసినాను?"

అతను ఎడమ చెయ్యి చాపాడు. మిషను ఆపేశాడు.

ఇక్కడ ఒక్క మాట గమనించాలి. దెయ్యం తన తల్లి ఊపిరి లాగేసుకుంటుందని అతని భయం. అందుకని — తనే ఆపేశాడు.

కల్వర్టు దాకా ఎంతసేపులే అనుకున్నాడు. కానీ ఊపిరి బిగబట్టి, భయంతో కళ్ళు చికిలించి, ఒంటిచేత్తో తోలితే కారు ఎక్కడికి పోతుంది? ముందు చక్రం కాలవలోకి దిగబడిపోయింది. సరిగ్గా ఆ క్వార్టరు ఎదురుగా.

అతను మిషను నొక్కాడు. ఎర్రలైటు వెలిగింది. కీచుమని అరిచింది. మిగిలిన కాస్త చార్జింగూ అయిపోయి ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు... ఈసారి అరవను కూడా లేదు.

"మీనా, ఇంకో బేటరీ ఇలగియ్యి."

"పూజలో ఎట్టినావు గదా."

"సార్జరు?"

"దానికీ బొట్టెట్టినావు."

నూకాలమ్మ ముందుకి ఒరిగి మోకాళ్ళ మీద చేతులానించింది. మెడ దగ్గర చర్మం లోపలికి గుంటలు పడుతోంది. పెదాలు నల్లబడుతున్నాయి.

"నన్నూ... ఆ పూజలోనే... ఎట్టీవలసింది," అంది.

మీనాకుమారి రోడ్డు మీదికి పరుగెత్తింది. లేత రంగు చీర, ముడి విడిపోయిన జుట్టు. "ఓ దాదా, రుకో దాదా" అని, ఆగమంటూ రెండు చేతులూ ఊపింది. ఒక మోటారు సైకిలు వచ్చింది — ఇద్దరివీ పూరించిన బుగ్గలు, వాటి మీద గుడ్లంత కళ్ళు. ఇంకా వేగం పెంచి పోయారు. వెనకొచ్చిన టోటో అతను ఆమెను చూసి, పోతూనే దణ్ణం పెట్టాడు. ఆ రాత్రి ఆ మలుపులో దెయ్యం కనబడిందని ఊళ్ళో నలుగురు ప్రమాణం చేసి చెబుతారు. చీర రంగు కూడా చెబుతారు.

అప్పుడు ఆమె వెనకనుంచి —

గాలి పీలుస్తున్న చప్పుడు.

కష్టంగా... ఆగి ఆగి...

క్వార్టరు కిటికీలో సన్నటి వెలుగు. తలుపు కిర్రుమంది. చేతికర్ర చప్పుడు... టక్... టక్... మెట్టు మీదికొచ్చి ఆగింది.

గౌను వేసుకున్న ముసలావిడ. కత్తిరించిన తెల్లజుట్టు.

"కారు ఆగింది," అంది. వీళ్ళకంటే తనే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టు.

ఉమాశంకర్‌కి ఊపిరి బిగబట్టాలో వదలాలో తెలియక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఆవిడ దగ్గరికొచ్చి కారులోకి వంగి చూసింది. "అమ్మకి దమ్ము అందటం లేదు. లోపల ప్లగ్గు ఉంది. అమ్మని తీసుకురా."

ఎవరూ కదల్లేదు. కదలమని చెప్పింది నూకాలమ్మే. మాట రాలేదు... చెయ్యెత్తి ఆ ఇంటివైపు చూపించింది.

వీల్‌చైరు దించారు. దానికి అడ్డొచ్చిన వాకరుని మీనాకుమారి భుజాన వేసుకుంది. మెట్ల పక్కన ఏటవాలుగా ఒక చెక్క వేసి ఉంది. "నా హజ్బెండ్ కోసం వేయించా," అంది ఆవిడ. కుర్చీ గడగడమంటూ లోపలికెక్కింది. గోడకి గుచ్చే వైరు మందుల సంచిలోనే ఉంది. అదృష్టం, ఉమాశంకర్ దానికి బొట్టు పెట్టడం మర్చిపోయాడు.

గుచ్చాడు.

ఏమీ లేదు...

పచ్చలైటు. ఫిస్.

కాసేపటికి నూకాలమ్మ పెదాలకి రంగొచ్చింది. తల తిప్పి ఇల్లంతా చూసింది.

"నా పేరు ఏంజెలా," అంది ముసలావిడ. "ఒక్క మాట అడుగుతా. ఈ ఊళ్ళో అందరూ నా ఇంటి ముందు దమ్ము ఆపి పోతారు. నా ఇల్లు అంత కంపా?"

"దుమ్ము మేడమ్," అన్నాడు ఉమాశంకర్, ఎక్కిళ్ళ మధ్య.

"దుమ్మూ నేదు గిమ్మూ నేదు," అంది నూకాలమ్మ. "నువ్వు దెయ్యానివంట."

ఏంజెలా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, కర్ర పట్టుకుని నిలబడింది. "నువ్వేమంటావు?"

"నానేటంతాను. ఊపిరి ఎంత కట్టమో మన ఇద్దరికే తెలుసు."

బ్యాటరీ నిండేలోపు ఉమాశంకర్ ఇటుకలు పేర్చి చక్రం పైకి లేపాడు. ఇల్లు చేరారు. వాకరు అక్కడే మర్చిపోయారు.

మర్నాడు పొద్దున్న పూజ లడ్డూలు డబ్బాలో పెట్టుకుని అతనొక్కడే వెళ్ళాడు. తొందరగానే తిరిగొచ్చాడు. వాకరు తెచ్చాడు. లడ్డూలూ తెచ్చాడు. గడప మీద కూలబడ్డాడు.

"ఏటయినాది?" అంది మీనాకుమారి.

"తలుపు తీసే ఉంది. ఎవులూ నేరు. మంచం నేదు, సామాను నేదు. నేలంతా మందంగా దుమ్ము... అందులో మన కుర్సీ సక్రాల గీతలు, మన కాళ్ళ గురుతులు. ఇంకెవులివీ నేవు."

"మరి ప్లగ్గో?"

"గోడకి ఉంది. ఇప్పి సూసినాను. ఎనకాల తీగ నేదు. స్తంభం నుంచి ఇంటికి లైనే నేదు, ఎప్పుడో కోసీసినారు." గొంతు ఇంకా తగ్గించాడు. "నాను ఎలట్రికల్ షాపు మనిసిని మీనా. తీగ నేకుండా కరెంటు రాదు."

ఇద్దరూ మిషను వైపు చూశారు. పచ్చలైటు వెలుగుతోంది. ఫిస్... ఫిస్...

"ఒచ్చింది గదా," అంది నూకాలమ్మ మంచం మీదనుంచి. "ఆ లడ్డూలెందుకు ఎనక్కి ఒట్టుకొచ్చినావు?"

"అక్కడ మనుసులు నేరమ్మా."

"మనిసని నానన్నానా? ఆదోరం మల్లీ ఎల్దుం."

"ఆ దారంట నాను తోలను."

"నిన్నెవులు తోలమన్నారు? దెయ్యం మిషను ఎలిగించింది. కొడుకువి, నువ్వు కట్టీసినావు. నీ కారు నాను ఎక్కను." కోడలి వైపు తిరిగింది. "అమ్మీ, నువ్వు నేర్సుకో."

ఇదంతా చెప్పి మీనాకుమారి కొంగు సర్దుకుని లేచింది. ఇంకాసేపు కూర్చోమన్నాను. ఏంజెలా గురించి అడగాల్సినవి చాలా ఉన్నాయన్నాను.

"టైమయిపోయింది," అంది. వీధి చివర డ్రైవింగు స్కూలు కారు హారను కొడుతోంది.