ముక్కుకు పెట్టిన గ్యాస్

ఎండ మండే మధ్యాహ్నం. నా కూతురు సత్య నన్ను రాజపాళయంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయినది. నేను చోళపురంలో పత్తి వేసేవాణ్ణి. పొలంలో పాము కనపడితే జంకను. సూదంటే మాత్రం భయం. ఆ సంగతి డాక్టరమ్మకు సత్యే చెప్పినది. నేను తల దించుకున్నాను.

జెన్సి డాక్టరమ్మ నవ్వలేదు. "చిగురు మొద్దుబారేదానికి సూది తప్పదయ్యా. భయం తగ్గేదానికి ముందుగా మింగే మాత్ర ఉంది, నరంలోకి ఎక్కించే మందు ఉంది. ఒక్క పన్నే గదా తీసేది, ముక్కుకు పెట్టే గ్యాస్ చాలు. పూర్తిగా నిద్రపోరు. ఆపితే కాసేపటికే తేరుకుంటారు."

ముక్కుకు రబ్బరు మూత పెట్టినారు. గదిలో లవంగనూనె వాసన. నోట్లో నీళ్ళు లాగే గొట్టం గురగురమంటా ఉంది. ఒళ్ళు తేలికైనది... పైనున్న దీపం దూరంగా పోయినది... కాళ్ళ దగ్గర కుర్చీ మెత్త కుంగినది. ఎవరో కూర్చున్నట్టు.

ఆ తర్వాత తొడ కింద తడి తగిలినట్టైనది. చల్లగా.

"అయిపోయినదయ్యా" అన్నది డాక్టరమ్మ. సూది గుచ్చినదీ తెలియలేదు, పన్ను వచ్చేసినది. నాకు ఆ మాట తలకెక్కలేదు. కూతురి ముందర, చంటిపిల్లాడి మాదిరి ఒంటికి పోసేసుకున్నానే! భుజం మీది తుండు లాగి ఒడి మీద కప్పుకున్నాను. కన్నీళ్ళు ఆగలేదు.

"సత్యా, నువ్వు బయటికి పో."

"ఎందుకు నైనా?"

"పో అంటున్నాను గదా."

ఆమె పోలేదు. వంగి, చెవిలో అడిగినది. "నైనా... ఇందాక ఎవరితో మాట్లాడినావు?"

"నేనా?"

"కాళ్ళు ముడుచుకున్నావు. 'ఇట్ల కూర్చో తల్లీ, తడిసిపోయినావే...' అన్నావు."

నర్సు సెల్వి గుడ్డ తీసుకుని వచ్చినది. నేను తుండు వదల్లేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. ఆమె మెల్లగా నా చెయ్యి తీసి చూసినది. గొంతు తగ్గించినది.

"అయ్యా... మీరు కట్టుకున్న వేష్టి పొడిగానే ఉంది."

తడి కుర్చీ చివర ఉంది. ఒక మనిషి కూర్చునేంత మేర.

సెల్వి తుడిచినది. చూస్తుండగానే మళ్ళీ ఊరినది. లవంగనూనెను మించి బురద వాసన... సత్య నా భుజం పట్టుకుని లాగతా ఉంది.

నేను లేవలేకపోయినాను. ఇంతమంది నన్నే చూస్తుంటే సిగ్గు ఒక పక్క. ఇంకో పక్క, నేను పిలిచి కూర్చోబెట్టినది ఎవరినో...

మెత్త ఇంకొంచెం ఇటు వైపు కుంగినది.